ఖాళీ కుర్చీ మీద వసుమతి ఆంటీ అభిప్రాయం

"ఆ పిల్లకి ఒక సుత్తి దొరకలేదా?" అంది వసుమతి, సీరియల్ అయిపోయి సబ్బు ప్రకటన మొదలైనా టీవీ ముందు నుంచి లేవకుండా.

డైనింగ్ హాల్లో నేల మీద బాసింపట్లు వేసుకుని కూర్చున్న ఆడపిల్లలంతా ఘొల్లున నవ్వారు.

"నవ్వకండే! గొట్టాల్లో పాక్కుంటూ అంత దూరం వెళ్లింది కదా. చేతిలో రెంచి కూడా ఉంది కదా. ఒక్కటిచ్చుకుంటే ఆ టీవీలన్నీ భళ్లుమనేవి. ఏం చూస్తూ నించుంది, దాని బొంద!"

ఇంతకీ వసుమతి ఎవరంటే, అమీర్‌పేటలో మైత్రీవనం వెనక సందులో ఉన్న అరుణాదేవి లేడీస్ హాస్టల్‌కి వార్డెన్. వంట చేయించేదీ ఆవిడే, గేటు తాళం ఆవిడ బొడ్లోనే. కంప్యూటర్ కోర్సుల కోసం ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలకి జ్వరమొస్తే మిరియాల చారు కాచి ఇస్తుంది. ఇంటర్వ్యూ పోయిందని ఏడుస్తూ కూర్చుంటే నాలుగు తిట్టి అన్నం తినిపిస్తుంది. తణుకు మనిషి, యాభై దాటాయి, నోరు పెద్దది. ఆ నోరే లేకపోతే ఈ ఊళ్లో ఎప్పుడో నలిగిపోయేదాన్నని తనే చెబుతుంది.

ఆ నోటికి తోడు ఆవిడకో పిచ్చి ఉంది. 'రెండో ఆకాశం' అని ఏదో పరాయి దేశంలో తీసి తెలుగులోకి మార్చిన సైన్స్ ఫిక్షన్ సీరియల్. ఆదివారం మధ్యాహ్నం ఆ పాట వినిపించిందంటే చాలు, స్టవ్ కట్టేసి, చేతులు కొంగుకి తుడుచుకుని, ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని కూర్చుంటుంది. ఆ గంటసేపు పైన నీళ్ల ట్యాంకు పొంగి మెట్ల మీద వాగు పారుతున్నా కదలదు. ఈ వయసులో గ్రహాల గొడవేంటి ఆంటీ అంటే, "అత్తా కోడళ్ల గొడవ నేను చూసే వచ్చానమ్మా, కాస్త కొత్తగా ఏదైనా చూడనివ్వండి" అంటుంది.

ఆ వారం వచ్చిన కథ ఇదీ. ఎక్కడో నీళ్లు లేని గ్రహం మీద గాజు కప్పు కింద ఒక ఊరు. ప్రతి గోడకీ ఒక గాజు కన్ను. పొద్దున్నే మైకులో గొంతు వినిపిస్తుంది: "మీ మంచికే చూస్తున్నాం." ఆ మాట విని జనం తలొంచుకుని పనికి పోతారు. గట్టిగా నవ్వరు, గట్టిగా ఏడవరు, మొగుడూ పెళ్లాం పక్కపక్కన కూర్చున్నా గోడకేసి చూస్తూ మాట్లాడుకుంటారు. నైరా అనే పిల్ల నీటి గొట్టాలు బాగుచేసే పనిలో ఉంటుంది. ఒకరోజు ఆ గొట్టాల్లోంచే పాక్కుంటూ, అందరినీ చూస్తున్న ఆ గదిలోకి చేరుతుంది. చూస్తే ఏముంది? గోడ నిండా టీవీలు, ఎదురుగా ఒకే ఒక్క కుర్చీ. కుర్చీ మీద దుమ్ము. పక్కన ఎండిపోయిన టీ మరక ఉన్న కప్పు. మనిషి లేడు. ఆ గొంతు ఎప్పుడో రికార్డు చేసి పెట్టింది. ఏళ్ల తరబడి ఆ ఊరిని ఎవరూ చూడనే లేదు. నైరా ఆ కుర్చీకేసి చూస్తూ నిలబడుతుంది, అక్కడితో సరి. కూర్చుందో, వెనక్కి వెళ్లిందో చూపించలేదు.

"మంచిగనే అయింది కదా ఆంటీ," అంది సుష్మిత. జనగామ దగ్గరి పల్లె నుంచి వచ్చిన పిల్ల, ఆవిడ తర్వాత ఆ సీరియల్‌ని అంత శ్రద్ధగా చూసేది ఆ పిల్లే. "ఎవరు లేరు. ఊకెనే భయపడ్డరు. పారనోయా అంటరు దాన్ని. ఎవరూ చూడకున్నా చూస్తున్నరని అనుకునుడు. అదొక జబ్బు."

"భయపడిన వాళ్ల జబ్బుకి పేరు పెట్టారు, బానే ఉంది. భయపెట్టిన వాడి జబ్బుకి ఏం పేరు పెట్టారు?"

సుష్మిత నవ్వేసింది. "ఆడ ఎవరు లేరు కదా ఆంటీ. కుర్చీ ఖాళీ."

"ఖాళీ అయితే? టీవీలు వెలుగుతూనే ఉన్నాయిగా. కరెంటెవడిస్తున్నాడు? తలుపు తాళమైనా వేసి లేదు. ఇవాళ ఈ పిల్ల దూరింది, రేపు ఎవడో పనికిమాలినవాడు దూరి కూర్చుంటాడు. ఖాళీ కుర్చీ కాబట్టే ఎవడైనా కూర్చోవచ్చు. నాకు ఒళ్లు జలదరించింది తల్లీ. మీకందరికీ నవ్వొచ్చింది."

అంతటితో వదల్లేదు. ఆ సీరియల్ అభిమానులకి ఫోన్లో ఒక గ్రూపుంది. అందులో ఉన్నవాళ్లంతా కుర్రాళ్లు. అందులో ఆవిడ వాయిస్ మెసేజ్ పెట్టింది, పప్పు పోపు శబ్దంతో సహా. నైరాది తప్పనీ, ఊరికి వెళ్లి కబురు చెప్పడం కాదు ముందు ఆ గాజు కళ్లు పగలగొట్టాలనీ, తనైతే కుర్చీ కాళ్లు కూడా విరిచేసేదాన్ననీ. జవాబుగా ఒకడు నవ్వుతున్న బొమ్మలు పెట్టాడు. ఇంకొకడు "ఆంటీ, మీరు మరీ ఎక్కువ ఆలోచిస్తున్నారు, దర్శకుడు చెప్పింది భయం అర్థంలేనిదని" అన్నాడు. "నీకు తెలీదులే నాయనా, నువ్వెప్పుడూ చూడబడలేదు" అని వసుమతి ఫోను పక్కన పడేసింది.

ఆవిడ చూడబడింది. తణుకులో మొగుడికి ఎరువుల కొట్టుండేది. పొద్దున వెళ్తూ బయట గొళ్లెం పెట్టి వెళ్లేవాడు. గొళ్లెం పెట్టని రోజున "నేనెక్కడున్నా నువ్వేం చేస్తున్నావో నాకు తెలుస్తుంది" అనేవాడు. ఎలా తెలుస్తుందో చెప్పేవాడు కాదు. పక్కింటామె చెబుతుందా, పాలవాడు చెబుతాడా, కిటికీలోంచి తనే చూస్తాడా? ఆ అనుమానంతో వసుమతి పెరట్లో కూర్చుని తల దువ్వుకోవడం మానేసింది. పాట వినడం మానేసింది. ఇంట్లో ఒక్కతే ఉన్నప్పుడు కూడా పైట సర్దుకుంటూ తిరిగేది. ఒకరోజు కొట్టు గుమాస్తా ఏదో మాటల్లో, "అయ్యగారు పొద్దస్తమానం పేకాటలోనే ఉంటారు కదమ్మా" అన్నాడు. మొగుడు చూడనే లేదు! పదేళ్లు వాడి కళ్లు తన నెత్తి మీద ఉన్నాయనుకుని బతికింది, వాడేమో ముక్కలు కలుపుకుంటూ కూర్చున్నాడు. మొగుడంటే అప్పటిదాకా భయం, ఆ నిమిషం నుంచి అసహ్యం. ఆ వారమే బస్సెక్కింది. తెలిసినవాళ్లు ఈ హాస్టల్లో వంటకి పెట్టించారు, తర్వాత వార్డెన్ అయింది. వంటగది పక్కన చిన్న గది, ఒక ట్రంకు పెట్టె, ఒక మంచం. పదకొండేళ్లుగా అదే ఆవిడ ఇల్లు. ఇంకెక్కడా చోటు లేదు. తణుకులో చెల్లెలింటికి వెళ్తే మొదటిరోజు కాఫీ ఇస్తుంది, మూడోరోజు మొగుడి దగ్గరికి పొమ్మంటుంది.

అందుకని ఖాళీ కుర్చీ అంటే ఆవిడకి నవ్వు రాలేదు.

ఆ మర్నాడే, అంటే సోమవారం, హాస్టల్ ఓనరు విజయేందర్ ఒక నిచ్చెన, ఇద్దరు మనుషులు, నాలుగు కెమెరాలతో దిగాడు. దుర్మార్గుడేం కాదు. నలభై ఏళ్ల మనిషి, తల్లి పేరు పెట్టుకున్న హాస్టల్ని అందరికంటే ముందు నిలబెట్టాలని తెగ తాపత్రయం. ఎక్కడ ఏ కొత్త వింత చూసినా తెచ్చి హాస్టల్‌కి తగిలిస్తాడు. ఒకసారి గుమ్మానికి తనంతట తనే నమస్కారం చెప్పే బొమ్మ పెట్టాడు. కరెంటు హెచ్చుతగ్గులకి అది పిచ్చెత్తినట్టు రాత్రంతా నమస్కారాలు చెబుతుంటే వసుమతే వైరు పీకింది.

"ఎక్కడ పెడుతున్నారు ఇవి?" అంది.

"మెట్ల కాడొకటి, డైనింగ్‌ల ఒకటి, వరండలల్ల రెండు," అన్నాడు విజయేందర్.

"మెట్ల దగ్గర పెట్టండి, గేటు దగ్గర పెట్టండి, కాదన్లేదు. వరండాల్లో ఎందుకండీ? గదులు అగ్గిపెట్టెల్లా ఉన్నాయని పిల్లలు అక్కడే తల ఆరబెట్టుకుంటారు, అక్కడే చదువుకుంటారు. నైటీల్లో తిరుగుతారు."

"ఎవరు చూస్తరమ్మా? ఎవరికి టైమున్నది? ఊకె పెట్టుడే. పక్క హాస్టల్‌ల పెట్టిండ్రు, ఎదురు హాస్టల్‌ల పెట్టిండ్రు, మనకు లేకుంటె ఎవరొస్తరు చెప్పుండ్రి? మొన్న సుష్మిత వాళ్ల నాయిన హనుమాండ్లన్న సుత ఫోన్ చేసిండు. కెమెరాలు పెడుతున్నమంటే మస్తు ఖుషీ అయిండు. బిడ్డ సేఫ్ ఉంటదని."

"ఎవరూ చూడనప్పుడు పెట్టడం దేనికి?"

విజయేందర్ పిల్లల వైపు తిరిగి నవ్వాడు. "మీ ఆంటీ గా సీరియల్ చూసి చూసి గిట్లయిపోయింది. జర ఎర్రగడ్డ పిచ్చి దవాఖానకు తీస్కపోవాలె."

పిల్లలూ నవ్వారు. సుష్మిత కూడా నవ్వింది. చెప్పొద్దూ, వసుమతికి ఆ నవ్వు చురుక్కుమంది. ఆ రోజంతా తనలో తనే తర్కించుకుంది. నిజంగానే నాకు అనుమానం రోగం అంటుకుందా? ఆ మొగుడి రోగం నాకొచ్చిందా? పిల్లల తండ్రులే కావాలంటుంటే మధ్యలో నాదేం బాధ? వాదించలేక ఊరుకుంది. కెమెరాలు బిగించారు. అయినా రెండో అంతస్తు వరండాలోకి వెళ్లినప్పుడల్లా ఆవిడ చెయ్యి తనకి తెలియకుండానే పైట సర్దుకుంటూనే ఉంది. అది గమనించుకున్నప్పుడు మాత్రం ఒళ్లు మండిపోయేది.

శనివారం సాయంత్రం కింద ఏదో టీవీ బిగిస్తున్నారని తెలిసింది. అడ్వర్టైజ్‌మెంట్ కోసం అన్నాడు విజయేందర్. వసుమతి పట్టించుకోలేదు. హాస్టల్ మెట్లు పక్క సందులోకి దిగుతాయి. రోడ్డు వైపు షట్టర్లో బుచ్చయ్య టిఫిన్ సెంటర్ ఉంది. పని ఉంటే తప్ప అటువైపు వెళ్లేవారు తక్కువ.

ఆదివారం పొద్దున మిక్సీ మొరాయించింది. పిల్లలంతా ఇడ్లీలకి కాచుక్కూర్చున్నారు. సరే, బుచ్చయ్య దగ్గర పచ్చడి రుబ్బించుకొద్దామని గిన్నె పట్టుకుని దిగింది. టిఫిన్ సెంటర్ కిటకిటలాడుతోంది. విచిత్రం ఏమిటంటే ప్లేట్లు పట్టుకున్న మగాళ్లంతా రోడ్డు వైపు కాకుండా షట్టర్ పైకి తలలెత్తి తింటున్నారు. ఏముందా అని ఆవిడా తలెత్తింది.

హాస్టల్ బోర్డు కింద పెద్ద టీవీ. దాని మీద ఎర్రక్షరాలు: మా హాస్టల్ భద్రత లైవ్‌లో చూడండి. తెర నాలుగు గళ్లు. ఒక గడిలో మెట్లు. ఒక గడిలో డైనింగ్ హాలు, ఖాళీ ప్లేట్ల ముందు ఆవలిస్తున్న పిల్లలు. మూడో గడిలో ఎవరో పిల్ల తువాలు చుట్టుకున్న తలతో బకెట్ పట్టుకుని నడిచింది. నాలుగో గడిలో సుష్మిత. వరండా నేల మీద గోడకి ఆనుకుని, నైటీలో, కాళ్లు చాపుకుని, తడి జుట్టు ఒక పక్కకి వేసుకుని, ఎదురుగా ఎవరూ లేకపోయినా చేతులు తిప్పుతూ ఏదో మాట్లాడుతోంది. సోమవారం ఇంటర్వ్యూ ఉంది. తనని తాను పరిచయం చేసుకోవడం ప్రాక్టీసు చేస్తోంది.

"రాత్రి సుత గీ పాప గిట్లనే ఒక్కతే మాట్లాడుతుండె," అన్నాడు ఇడ్లీ తింటున్న ఒకడు, పక్కవాడితో.

"జుట్టు మస్తున్నది," అన్నాడు పక్కవాడు.

వసుమతి చేతిలో గిన్నె జారి కింద పడింది, పుట్నాల పప్పు రోడ్డు పాలైంది. బుచ్చయ్య పరుగెత్తుకొచ్చాడు. పాపం, అతనికీ ఇబ్బందిగానే ఉంది. "నేను వద్దంటనే ఉన్ననమ్మా. పంజాగుట్టల ఏదో పెద్ద హోటల్‌ల వంటగదిని టీవీల చూపిస్తరంట కదా, కస్టమర్లకు నమ్మకం కలుగుతదని. అది చూసొచ్చి పెట్టించిండు సారు. ఊళ్ల నుంచి తల్లిదండ్రులు వచ్చి చూస్తే ఎంత పద్ధతిగున్నదో అనుకుంటరంట."

వంటగదిని చూపిస్తే ఇడ్లీలు అమ్ముడవుతాయి కాబట్టి, ఆడపిల్లల్ని చూపిస్తే హాస్టల్ నిండుతుందని లెక్క! దుర్మార్గమంటే అర్థం చేసుకోవచ్చు. ఈ తెలివికి ఏం పేరు పెట్టాలో ఆవిడకి తెలియలేదు. అరికాలి మంట నెత్తికెక్కింది. ముందు ఇడ్లీవాళ్ల మీదికే వెళ్లింది.

"కళ్లు కిందికి దించి తినండి! మీ ఇళ్లల్లో ఆడవాళ్లు తల ఆరబెట్టుకోరా?"

నలుగురు ప్లేట్లు పెట్టేసి జారుకున్నారు. ఒకడు మాత్రం, "పెట్టినోళ్లను అనాలె గని మమ్మల్నంటవేందమ్మా" అన్నాడు.

"వాళ్లనీ అంటాను. నువ్వు ముందు కదులు," అని మెట్లెక్కింది.

పిల్లలందర్నీ డైనింగ్ హాల్లోకి పిలిచి ఉన్నదున్నట్టు చెప్పింది. మొదట ఎవరూ నమ్మలేదు. ఒకమ్మాయి దిగి వెళ్లి చూసొచ్చి, నిజమేనని తలూపి కూర్చుండిపోయింది. సుష్మిత రెండు చేతులతో తల పట్టుకుంది. కాసేపటికి ఏడుపులు మొదలయ్యాయి. ఆ ఏడుపుల మధ్యలోంచి అందరి నోటా ఒకే మాట: "ఆంటీ, ఇంట్ల చెప్పకుండ్రి. మా నాయినకు తెలిస్తే గిప్పుడే వచ్చి తీస్కపోతడు. కోర్సు బందయిపోతది."

ఎవడో చూపించాడు, ఎవడో చూశాడు, శిక్ష మాత్రం ఈ పిల్లకి! వసుమతికీ ఒకప్పుడు అదే జరిగింది. తనూ ఏళ్ల తరబడి నోరు మూసుకుంది.

"మీ ఇళ్లకి నేను చెప్పను," అంది. "ఆ కళ్లు మాత్రం ఇప్పుడే మూస్తాను. నిచ్చెన తీసుకురండి."

బాత్రూం దగ్గర బకెట్లో ఉతికి పెట్టిన లంగాలున్నాయి ఆవిడవి. ముదురు నీలం, బూడిద రంగు, వెలిసిపోయిన ఎరుపు. తడివి తడిగానే పిండకుండా తీసుకుని నిచ్చెనెక్కింది. కెమెరాకి బొందు బిగించి కట్టింది. సుష్మిత కన్నీళ్లు తుడుచుకుని తన చున్నీ తెచ్చిస్తే వెనక్కి తోసింది. "మీవి ఒక్క గుడ్డ కూడా వాళ్ల కంట పడనక్కర్లేదు. నా లంగాలు చూసి ఏం చేసుకుంటారో చేసుకోమను." నాలుగో కెమెరాకి తడిది చాల్లేదు. ట్రంకు పెట్టె తెరిచి ఇంకా కట్టుకోని కొత్త లంగా తీసి తగిలించింది.

కింద రోడ్డు మీద నవ్వులు పైదాకా వినిపించాయి. టీవీలో నాలుగు గళ్ల నిండా నాలుగు లంగాలు, పైన ఎర్రక్షరాల్లో మా హాస్టల్ భద్రత లైవ్‌లో చూడండి! దారిన పోయేవాళ్లు ఆగి ఫోటోలు తీసుకుంటున్నారు. ఎదురు హాస్టల్ వార్డెన్ బాల్కనీలోకి వచ్చి కడుపు పట్టుకుని నవ్వుతోంది. ఎవరు ఫోన్ చేశారో, విజయేందర్ స్నానం కూడా చేయకుండా బండి మీద వచ్చి పడ్డాడు.

"గిదేందమ్మా? నా ఇజ్జత్ తీస్తున్నరా మీరు? తీయుండ్రి అవి!"

"తీయను."

"కెమెరాలు నావి, బిల్డింగ్ నాది."

"వరండా మీదే, గోడలు మీవే. అందులో తిరిగే పిల్లలు మీ సొత్తు కాదు. రోడ్డు మీద ఇడ్లీలు తినేవాడికి చూపించడానికి మీరెవరండీ? మీ అమ్మగారి పేరు పెట్టుకున్నారు గదా ఈ ఇంటికి. ఆవిడ జడ వేసుకుంటుంటే టీవీలో పెడతారా? పెట్టండి, నేనూ వచ్చి చూస్తాను."

తప్పు జరిగిందని విజయేందర్‌కి తెలుస్తూనే ఉంది, మొహం మీద కనిపిస్తోంది. కానీ ఇంతమంది ఆడపిల్లల ముందు వంటావిడ చేత మాట పడ్డానన్న ఉక్రోషం దాన్ని మింగేసింది.

"మంచిగ చెప్తే వినరు మీరు. సాయంత్రం వరకు గది ఖాళీ చేయుండ్రి. రేపటి సంది వేరే వార్డెన్ వస్తది."

వసుమతికి భయం వేయలేదంటే అబద్ధం. మంచం, ట్రంకు పెట్టె, పదకొండేళ్ల గది. ఇవి పోతే ఎక్కడికి వెళ్లాలో, ఈ వయసులో ఎవరు పని ఇస్తారో ఆవిడకి తోచలేదు. ఆ నాలుగు బొందులూ విప్పేస్తే అన్నీ ఎక్కడివక్కడ ఉంటాయి. విజయేందర్ కూడా అందుకే ఎదురు చూస్తున్నాడు, కొంచెం ఆశగానే.

"విప్పను," అంది మళ్లీ.

"అట్లనా? మీ మాట కాదు, పేరెంట్స్ మాట విందాం," అని అతను ఫోను తీశాడు. కెమెరాలు కావాలని అడిగిన మనిషికే కలిపి, అందరికీ వినపడేలా స్పీకర్ పెట్టాడు. "హనుమాండ్లన్నా, నేను హాస్టల్ విజయేందర్‌ను. గిక్కడ మీ బిడ్డ, గీ వార్డెనమ్మ కలిసి కెమెరాలు మూసేసిండ్రు. ఎందుకు మూసిండ్రో జర మీరే అడుగుండ్రి."

వసుమతి ఆ ఫోను లాక్కోబోయింది. సుష్మిత ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఏంది బిడ్డా?" అంది ఫోన్లో గొంతు. "కెమెరా ఎందుకు మూసిండ్రు? ఏం దాస్తున్నవ్?"

"దాసుడు కాదు బాపూ." సుష్మిత ఫోనుకి దగ్గరగా జరిగింది. "నేను వరండల తల ఆరవెట్టుకుంట చదువుకుంటుంటే, సారు కింద రోడ్డు మీద టీవీ పెట్టి అందరికి చూపిస్తుండు. నిన్న రాత్రి, ఇయ్యాల పొద్దుగాల. ఎవరెవరో టిఫిన్ తినుకుంట నన్ను చూసిండ్రు. ఆంటీ చూసి, లంగా కప్పింది. గందుకే ఆంటీని పొమ్మంటుండు."

విజయేందర్ స్పీకర్ ఆపబోయాడు. వేలు ఎక్కడ నొక్కాలో తెలియక తడబడ్డాడు. ఈలోపు అవతలి గొంతు మళ్లీ వినిపించింది, బరువుగా.

"బ్యాగు సదురుకో. పొద్దుమూకెటాల్లకు వస్త. ఇంటికి తీస్కొస్త."

పిల్లలందరూ తలలు దించుకున్నారు. వాళ్లు భయపడినంతా అయింది.

"నేను రాను," అంది సుష్మిత.

"ఏందీ?"

"నేనేం తప్పు జేసిన బాపూ? తల ఆరవెట్టుకున్న. చదువుకున్న. టీవీ పెట్టినాయన ఈడ్నే ఉంటడు, చూసినోళ్లు ఈడ్నే తిరుగుతరు, నేనొక్కదాన్నే ఎందుకు ఇంటికి రావాలె? రేపు నాకు ఇంటర్వ్యూ ఉన్నది. నేను రాను. నువ్వు రా. నన్ను తీస్కపోనీకి కాదు, గీ సారును అడగనీకి రా."

ఆ పిల్ల తండ్రితో అలా మాట్లాడటం అదే మొదటిసారి అయ్యుండాలి. మాట పూర్తయ్యాక తనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఫోను పెట్టేశాడేమో అనుకున్నారు. ఫోన్లో ఎక్కడో దూరంగా బర్రె అరిచింది, ఎవరో దాన్ని అదిలించారు.

"సారూ," అన్నాడు హనుమాండ్లు చివరికి. "గా టీవీ ఉన్నదా, తీసిండ్రా?"

"తీస్తున్న అన్నా, గిప్పుడే తీస్తున్న. అది ఊకె, సేఫ్టీ కోసమని..."

"మీతోని వచ్చినంక మాట్లాడత." ఆ గొంతులో కోపం లేదు, అందుకే విజయేందర్ ఒకడుగు వెనక్కి వేశాడు. "వార్డెనమ్మ ఉన్నదా ఆడ?"

"ఉన్నానండీ," అంది వసుమతి.

"అమ్మా, నేను పొలం కాడ ఉండెటోన్ని. నాకు గీ కెమెరాలు, టీవీలు తెల్వయి. కెమెరా ఉంటే బిడ్డ సేఫ్ ఉంటదంటే నమ్మిన. ఒక్కటే అడుగుత, నిజం చెప్పు. నువ్వు ఆడ్నే ఉంటవా? నువ్వుంటే నా బిడ్డ ఆడ ఉంటది. నువ్వు లేకుంటె మాత్రం నేను గిప్పుడే బస్సెక్కుత, అది ఏడ్చినా వినను."

హాల్లో ఉన్నవాళ్లంతా ఆవిడ వైపే చూస్తున్నారు. సాయంత్రంకల్లా ఖాళీ చెయ్యమన్న మనిషి ఎదురుగా ఫోను పట్టుకుని నిలబడి ఉన్నాడు. వసుమతి కొంగు నడుముకి బిగించి దోపింది. ఫోను కోసం చెయ్యి చాచలేదు. విజయేందర్ కళ్లలోకి సూటిగా చూస్తూ, ఫోన్లో ఉన్నాయనకి జవాబు చెప్పింది.

"ఉంటానండీ హనుమాండ్లు గారూ. ఈ ఇంట్లోంచి నన్ను కదిలించేవాడెవడో నేనూ చూస్తాను."